నీళ్లు దిగిన ఏడాది

మా ఊళ్లో చచ్చిపోయినవాళ్లు వానలు పడని ఏడే బయటికి వస్తారు. ఈ మాట నరసరావుపేటలో నాతోపాటు పనిచేసే టీచర్లతో అంటే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను దయ్యాల కథ చెప్పలేదు. మా ఊరు బెల్లంకొండ దాటాక కృష్ణ ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు కట్టాక ముంపులో పోయింది. గుట్ట వారన కట్టిన కాలనీకి మారేటప్పుడు మావాళ్లు తలుపులు, దూలాలు, గడపలు, ఇంటి ముందు పరిచిన నాపరాళ్లు కూడా ట్రాక్టర్లకెక్కించి తెచ్చుకున్నారు. సమాధుల్ని మాత్రం తెచ్చుకోలేకపోయారు. తవ్వి ఎముకలైనా తెచ్చుకుందామని కొందరన్నారు గానీ, పడుకున్నవాళ్లను లేపడం మంచిది కాదని పెద్దవాళ్లు ఒప్పుకోలేదు.

వానలు బాగా పడితే ఏడాది పొడుగునా ఆ సమాధుల మీద నీళ్లుంటాయి. పడకపోతే ఎండలు ముదిరేసరికి నీళ్లు దిగి, ముందు చర్చి, తర్వాత బడి గోడలు, ఆఖరికి సమాధులు బయటపడతాయి. పొలాలకు చెడ్డ ఏడు మా చచ్చినవాళ్లకు మంచి ఏడు. అందుకే మా కాలనీలో ఎవరైనా నీళ్లు దిగుతున్నాయని చెబితే, అది మంచి కబురో చెడ్డ కబురో వినేవాళ్లు వెంటనే తేల్చుకోలేరు.

నేను ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకెప్పుడో అయిపోయింది. నాకున్న సరదాలు రెండే, బస్సులో కిటికీ పక్క సీటు, ఒళ్లో స్కెచ్ పుస్తకం. నరసరావుపేట నుంచి సత్తెనపల్లి, అక్కడ బస్సు మారి బెల్లంకొండ, అక్కడి నుంచి ఆటో. ఈ దారిలో నిద్రపోయే మొహాలను నేను గీసినన్ని ఇంకెవరూ గీసి ఉండరు. మేలుకున్నవాళ్లు గీయనివ్వరు, ఎందుకు గీస్తున్నావని పంచాయితీ పెడతారు. నిద్రపోయేవాళ్లతో ఆ గొడవ లేదు. పోయిన చలికాలం నుంచి మాత్రం ఆ బొమ్మలు మానేశాను. తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోయే ప్రతి మగమనిషీ మా అన్నలాగే కనపడటం మొదలైంది.

అన్నే నాకు మిగిలిన పెద్ద దిక్కు. నాన్న మా చిన్నప్పుడు మాచర్ల వైపు క్వారీ పనికి వెళ్లి అక్కడే పోయాడు, ఆయన సమాధి అటే ఉంది. అమ్మ ఊరు కదలడానికి కొంచెం ముందు పోయింది. నాలుగు వైపులా నాపరాళ్లు నిలబెట్టి, పైన ఒకటి పరిచి, సున్నం కొట్టి అమ్మకు సమాధి కట్టాం. ఆ వరుసలో అన్నీ అట్లాంటివే. పేర్లు చెక్కించే అలవాటు మావాళ్లకు లేదు, పెయింటుతో రాయించేవాళ్లు. వెలిసిపోతే మళ్లీ రాయించుకోవచ్చులే అనుకునే రోజులవి. నీళ్లు ఒక్కసారి వచ్చి వెళ్లేసరికి ఒక్క పేరు కూడా మిగల్లేదు. ఒకటే ఎత్తు రాళ్లు, ఒకటే రంగు, సగానికి పైగా ఒండ్రులో దిగిపోయి ఉన్నాయి.

అన్న అమ్మను వేపచెట్టు గుర్తుతో పట్టుకున్నాడు. చెట్లను ముంపుకు ముందే కొట్టేశారు గానీ మొద్దు మిగిలింది. మొద్దు నుంచి మూడోది అమ్మది అన్నాడు. ఎవరూ కాదనలేదు. నాకు కూడా అనుమానం రాలేదు. అమ్మ శవాన్ని మోసినవాడు, గొయ్యిలోకి దిగి పెట్టె సర్దినవాడు వాడు. వాడికి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

ఈస్టరుకు ముందు శనివారం మావాళ్లు సమాధులకు సున్నం వేస్తారు. ఆదివారం తెల్లవారకముందే కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. నీళ్లు దిగని ఏడు ఒడ్డునే నిలబడి పాడి తిరిగొస్తారు. దిగిన ఏడు బకెట్లు, కుంచెలు, నానబెట్టిన సున్నం తీసుకుని ట్రాక్టరెక్కి చెరువు అడుగులాంటి ఆ నేలలోకి దిగుతారు. నాలుగు నెలలు తిరక్కముందే మళ్లీ నీళ్లకు అప్పజెప్పబోయే రాళ్లకు అంత శ్రద్ధగా సున్నం వేసే జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. మా అన్న అయితే రెండు పూతలు వేసేవాడు. మొదటిది ఆరేదాకా పక్కనే కూర్చుని అమ్మకు ఊరి కబుర్లు చెప్పేవాడు, ఎవరికి పెళ్లయింది, ఎవరి మిరప తోట ఎండిపోయింది, ఇట్లాంటివన్నీ. నేను ఎగతాళి చేస్తే పట్టించుకునేవాడు కాదు. నీళ్లు దిగిన ఆ ఒండ్రులోనే నాలుగు సాళ్లు జొన్న వేసుకునేవాడు కాబట్టి, తతిమ్మా రోజుల్లో కూడా అటు పోయి కూర్చునేవాడని వదిన చెప్పేది.

వదినది రెంటచింతల. కథోలికుల ఇంటి పిల్ల. వాళ్లకు నవంబరులో వచ్చే సమాధుల పండగ పెద్ద పండగ. సాయంత్రం కుటుంబమంతా పోయి తాత సమాధి దగ్గర కొవ్వొత్తులు పెట్టి, బంతిపూలు చల్లి, చీకటి పడేదాకా అక్కడే కూర్చునేవాళ్లట. పెళ్లయి వచ్చాక మా చర్చికే వచ్చింది, మా పాటలే నేర్చుకుంది, ఏ పండగ గురించీ పట్టుబట్టలేదు. నవంబరులో ఆ ఒక్క రోజు మాత్రం ఎవరడ్డం చెప్పినా వినకుండా పుట్టింటికి పోయి వాళ్ల అమ్మా నాన్నల సమాధుల దగ్గర దీపం పెట్టి వచ్చేది. నవంబరులో మా ఊరి మీద నీళ్లు నిండుగా ఉంటాయి. ఈ రెండు సంగతుల్నీ అప్పట్లో నేను కలిపి ఆలోచించలేదు.

రెండేళ్ల కిందట నీళ్లు దిగినప్పుడు, ఆ శనివారం అన్న ఒక పని చేశాడు. అమ్మ సమాధికి సున్నం వేయడం అయిపోయాక, కూలిన బడి గోడ నుంచి నాలుగు రాళ్లు మోసుకొచ్చి అమ్మ పక్కన ఖాళీలో నాలుగు మూలలా పాతాడు. వాటికి కూడా సున్నం వేశాడు. ఏందిదని వదిన అడిగితే నా చోటు అన్నాడు. అనడమే కాదు, సరిపోతుందో లేదో చూసుకోవాలని ఆ నాలుగు రాళ్ల మధ్య వెల్లకిలా పడుకుని, తలగుడ్డ మొహాన కప్పుకున్నాడు. ముందు అందరం నవ్వాం. వాడు లేవలేదు. నవ్వులాగిపోయాక కూడా కాసేపు అట్లాగే ఉన్నాడు. ఒక ముసలామె వచ్చి చెయ్యి పట్టుకుని లాగి, బతికున్న మనిషి చేయాల్సిన పనులా ఇవి అని చీవాట్లు పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టరులో ఎవరూ పాట ఎత్తుకోలేదు. వదిన ఇంటికొచ్చాక చాలా రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు.

పోయిన చలికాలం అన్నకు దగ్గు పట్టుకుంది. తర్వాత తిండి సహించలేదు. నరసరావుపేట ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైంది పెట్టండి అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో తెలియని వయసు కాదు నాది. బయటికొస్తే అన్న బెంచీ మీద కూర్చుని అరటిపండు ఒలుచుకుంటున్నాడు. ఏమన్నాడని అడగలేదు. నీళ్లు ఈ ఏడు తొందరగా దిగేట్టున్నాయి, వానల్లేవుగదా, అన్నాడు.

అప్పటి నుంచి వాడికి పట్టింది ఒకటే, నీళ్లు ఎంతవరకు దిగాయన్నది. ముందు గదిలో మంచం వేశారు గానీ కిటికీలోంచి గుట్ట తప్ప నీళ్లు కనపడవు. వచ్చినవాళ్లందరినీ అడిగేవాడు. జాలిపడేవాళ్లు దిగుతున్నాయిలే అనేవాళ్లు. భయపడేవాళ్లు నాకు తెలియదని తప్పించుకునేవాళ్లు. ఒక కుర్రాడు ఫోన్లో ఫొటో తీసి తెస్తే చూసి పక్కన పెట్టేశాడు. నాకు కబురు పంపాడు.

“ఏమే, నువ్వు గీసుకురా. ఫోన్లో దూరందీ దగ్గరదీ ఒకే మాదిరి కనపడతంది. నీ బొమ్మయితే నాకు తెలుసుద్ది.”

అట్లా ఆదివారం ఆదివారం నాకు ఆ పని పడింది. పొద్దున బస్సుకు వచ్చి, ఒడ్డున రాయి మీద కూర్చుని, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చార్టు మీద గీసి తెచ్చి అన్న మంచం మీద పరిచేదాన్ని. మొదటి బొమ్మలో అవతల తెలంగాణ గుట్టలదాకా నీళ్లే. తర్వాత దాంట్లో చర్చి గోడ పైఅంచు నల్లటి గీతలాగా తేలింది. ఆ తర్వాత అరుగు. అన్న పాత బొమ్మలన్నీ తలగడ కింద దాచుకుని, కొత్తది రాగానే పక్కన పెట్టి వేలితో కొలుచుకునేవాడు. ఆ వేలు వారం వారానికీ సన్నబడుతూ ఉండేది. నీళ్లు దిగే కొద్దీ వాడు దిగిపోతున్నాడు. వాడికి సంతోషంగా ఉండేది, నాకు ఆ నీళ్ల మీద పట్టరాని కోపం వచ్చేది. దిగకుండా ఉంటే ఏం పోయిందని నదిని తిట్టుకుంటూ గీసిన బొమ్మలు అవి. మంచి బొమ్మలే, నా చేతిలోంచి వచ్చినవాటిలో అంత మంచివి వేరే లేవు. ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

వాడి లెక్క వాడికి ఉంది. ఎండలుండగా పోతే అమ్మ పక్కన పెడతారు. వానలు పడి నీళ్లొచ్చాక పోతే గుట్ట మీద కొత్త సమాధుల తోటలో పెడతారు, అక్కడ గునపంతో రాయి పగలగొడితే గానీ గొయ్యి పడదు. ఈ లెక్కను వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెప్పేవాడు. వినేవాళ్లు నవ్వలేక, ఊరుకోలేక, మజ్జిగ తాగి వెళ్లిపోయేవాళ్లు. వదిన మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి లోపలికి వెళ్లిపోయేది.

చర్చి అరుగు పూర్తిగా బయటపడిన ఆదివారం, నేను బొమ్మ చుట్టుకుని తెస్తుంటే వదిన దొడ్లో ఎదురొచ్చింది. బట్టలుతుకుతూ లేచి వచ్చింది, చేతులకు నురగ అట్లాగే ఉంది. లోపలికి వినపడకుండా చెప్పింది.

“అమ్మాయ్, నీళ్లు ఇంకా నిండుగా ఉన్నట్టు గీసియ్యి. ఈ ఏడు సమాధులు తేలవనుకుంటే ఆయనే ఆశ ఒదులుకుంటాడు. పైనే పెట్టుకుందాం.”

నేను చుట్టిన బొమ్మను చంకలోకి మార్చుకున్నాను.

“మాకు పిల్లల్లేరు. ఆయన పోయినాక నాకు మిగిలేది ఆ రాయొక్కటే. అదీ నీళ్లలో పెడితే, పండగనాడు నేను దీపం యాడ పెట్టుకునేది?”

అప్పుడు గానీ నవంబరు సంగతి నాకు వెలగలేదు. వెలిగినా ఒప్పుకోలేదు. చచ్చిపోయే మనిషిని మోసం చేయమంటావా అని కోపం వచ్చింది. నా చేతికి అబద్ధం రాదు వదినా అన్నాను. చాలా గొప్పగా అన్నాను. వదిన వెళ్లి మళ్లీ బట్టల ముందు కూర్చుంది. నేను లోపలికి పోయి ఉన్నది ఉన్నట్టు గీసిన బొమ్మ అన్న ముందు పరిచాను. వాడి మొహం వెలిగింది.

ఈస్టరుకు ముందు శనివారానికి సమాధులన్నీ తేలాయి. అన్న లేవలేడు కాబట్టి అమ్మకు సున్నం వేసే పని నాకు అప్పజెప్పాడు. రెండు పూతలు వేయమని, తర్వాత అక్కడే అమ్మ పక్కన కూర్చుని చర్చి కనపడేట్టు బొమ్మ గీసుకురమ్మని చెప్పాడు. నేను పడుకోబోయే చోటు నుంచి ఏం కనపడుద్దో చూసుకోవాల అన్నాడు. ట్రాక్టరు గుట్ట వారగా చుట్టు తిరిగి దిగింది. దిగేకొద్దీ గాలి ఆగిపోయింది. నేల నెర్రెలిచ్చి, నెర్రెల్లో చచ్చిన నత్తగుల్లలు తెల్లగా మెరుస్తున్నాయి. చెట్ల మొద్దులకు తెగిన వలలు చుట్టుకుని ఉన్నాయి. పచ్చి చేపల కంపు. చర్చి గోడ మీద నీటికాకులు బారుగా కూర్చుని ఉన్నాయి, మమ్మల్ని చూసి లేవలేదు. మా చిన్నప్పుడు మేం అరుచుకుంటూ పరుగెత్తిన బజారులో అందరూ గుసగుసగా మాట్లాడుకున్నారు.

అన్న పాతిన నాలుగు రాళ్లు చెక్కు చెదరకుండా ఉన్నాయి. చుట్టూ నేలంతా ఎండి పెంకులు లేచింది. ఆ నాలుగు రాళ్ల మధ్య మాత్రం, సరిగ్గా మనిషి పట్టేంత మేర, మట్టి తడిగా ఉంది. కింద ఊట ఉండి ఉంటుందిలే అని ఎవరో అన్నారు. నేను దాని వైపు చూడకుండా పక్క సమాధికి సున్నం వేయడం మొదలుపెట్టాను.

రెండో పూత ఆరుతుండగా బొమ్మకు కూర్చున్నాను. గీత కుదరలేదు. చర్చి గీస్తే ఎప్పుడూ పక్క గోడే వస్తోంది. కాగితం తిప్పాను, జరిగి కూర్చున్నాను, ఎండకు కళ్లు తిరుగుతున్నాయనుకుని నీళ్లు తాగాను. మళ్లీ పక్క గోడే. అప్పుడు అమ్మను పెట్టిన రోజు గుర్తొచ్చింది. గొయ్యిలోకి చూడలేక నేను ఎదురుగా చూస్తూ నిలబడ్డాను. ఎదురుగా చర్చి తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి, లోపల బల్ల మీద తెల్లగుడ్డ, బల్ల కింద నిద్రపోతున్న కుక్క. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నేను ఆ కుక్కనే చూశాను. ఇప్పుడు నేను కూర్చున్న చోటు నుంచి ఎవరికీ ఆ వాకిలి కనపడదు, ఆ బల్లా కనపడదు.

లేచాను. వాకిలి మెట్లు నా కళ్లకు ఎదురుగా సూటిగా వచ్చేదాకా నది వైపు నడిచాను. నేల పల్లమైంది, మడుగొచ్చింది. పచ్చగా, కదలకుండా, ఎండకు ఇంకని నీళ్లు. ఆ నీళ్లలోంచి ఇంకో వేపమొద్దు తల కొంచెం పైకి కనపడుతోంది. మా సమాధుల తోటలో వేపచెట్లు రెండుండేవి. ఆ సంగతి అన్న మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను, అందరం మర్చిపోయాం. అమ్మ ఆ మడుగులో ఉంది. ఊరు మునిగిన నాటి నుంచి ఒక్క ఏడు కూడా బయటికి రాలేదు. అన్న ఇన్నేళ్లూ రెండేసి పూతలు వేసి, ఊరి కబుర్లన్నీ చెప్పుకున్నది ఇంకెవరికో.

ఎవరికి? సున్నం బకెట్టు కడుగుతున్న ఒక పెద్దామెను ఏమీ ఎరగనట్టు అడిగాను, ఈ మెరక మీది మొద్దు దగ్గర అమ్మ కాక ఇంకా పెట్టింది ఎవరెవరినని. గుంటూరు వెళ్లిపోయినవాళ్ల తాలూకు ఎవరో అయి ఉంటారు, వాళ్లెవరూ మళ్లీ రాలేదుగా, ఎవరికి తెలుసు అంది. ట్రాక్టరు వైపు నడుస్తుంటే ఇంకొకటి తోచింది. ఇది చెబితే అన్న ఇక్కడ పడుకుంటాననడు. గుట్ట మీద సరేనంటాడు. వదినకు దీపం పెట్టుకునే చోటు దొరుకుతుంది. నేను అబద్ధం ఆడక్కర్లేదు, నిజమే వదిన పక్షాన ఉంది. ట్రాక్టరులో తిరిగొస్తూ ఆ మాటల్ని మనసులో సర్దుకుంటూనే ఉన్నాను.

ముందు వదినకు చెప్పాను. వంటింట్లో బియ్యం కడుగుతోంది. సంతోషిస్తుందనుకున్నాను, కనీసం గుండె బరువైనా దిగుతుందనుకున్నాను. వదిన పొయ్యి పక్కన కూలబడి, తడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆయనకి చెప్పమాకమ్మాయ్. అమ్మని ఇన్నేళ్లు పట్టించుకోకుండా నీళ్లలో ఒదిలేశానని ఆ దిగులుతోనే పోతాడు.”

చెప్పకపోతే నీకు పైన సమాధి ఉండదు వదినా అన్నాను.

“తెలుసు. అక్కడే పెడదాం.”

లేచి ఎసట్లో బియ్యం పోసింది. నేను వాకిట్లోకి వచ్చి, నా చేతికి అబద్ధం రాదని ఆ మనిషి ముందే నేను చెప్పిన మాట గుర్తొచ్చి, నన్ను నేను తిట్టుకున్నాను. దొడ్లో కూర్చుని బొమ్మ పూర్తి చేశాను. తెల్లటి సమాధి, పక్కన నాలుగు తెల్లరాళ్లు, అవతల చర్చి పక్క గోడ, గోడ మీద నీటికాకులు. అక్కడ కూర్చుంటే ఏం కనపడుతుందో అదే గీశాను. ఆ బొమ్మలో ఒక్క గీత కూడా అబద్ధం కాదు. బొమ్మ మొత్తం అబద్ధం.

అన్న దాన్ని గుండెల మీద పెట్టుకుని చూశాడు. సమాధి మీద వేలు పెట్టి, రెండు పూతలు వేశావా అని అడిగాడు. వేశానన్నాను. రాళ్లు కదల్లేదుగదా అన్నాడు. కదల్లేదన్నాను. అమ్మకు చెప్పావా నా సంగతి అన్నాడు. తల ఊపాను. వదిన గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. వాడు కళ్లు మూసుకుని, ఇంక పర్లేదు అన్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వదిన విసనకర్రతో విసురుతుండగా పోయాడు. నేను వెళ్లేసరికి పెట్టె వచ్చింది. కాలనీలో కొందరు గునిశారు, నీళ్లొచ్చే చోట మనిషిని పెట్టడం ఏమిటన్నారు. పాస్టరు గారికీ ఇష్టం లేదు. వదిన వాకిట్లోకి వచ్చి ఆయన కోరిక అది, అంతే అని ఒక్కమాట చెప్పి లోపలికి వెళ్లింది. తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

పెట్టెను ట్రాక్టరులో తాళ్లతో కట్టి, ఎండకు తడి గోనెలు కప్పి తీసుకెళ్లాం. నాలుగు రాళ్ల మధ్య తవ్వుతుంటే నీళ్లూరాయి. బకెట్లతో తోడి పోసే కొద్దీ ఊరాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు తెలుసు. పల్లంలో ఆ మడుగు నుంచే. అన్నకు అమ్మ దగ్గరి నుంచి వచ్చేది అదొక్కటే అనుకున్నాను, అనుకుని వెంటనే భయపడ్డాను. పాస్టరు గారు ప్రార్థన త్వరగా ముగించారు. పెట్టె తడి మట్టిలోకి మెత్తగా దిగింది. చప్పుడు కాలేదు. చప్పుడైతే బాగుండునని ఎందుకో అనిపించింది. వదిన గొయ్యి వైపు చూడలేదు, ఏడవలేదు. పక్క సమాధినే చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చాక పేరు పెయింటుతో వద్దు, చెక్కించమని చెప్పింది. చెక్కించిన రాయి పెట్టడానికి మేమిద్దరమే మళ్లీ దిగాం. ఆ వరుసలో పేరున్న సమాధి ఇప్పుడు అదొక్కటే.

ఆగస్టులో నీళ్లొచ్చాయి. నీళ్లు పెరుగుతున్నాయని వదిన ఫోన్ చేస్తే స్కూలుకు సెలవు పెట్టి వెళ్లాను. సాయంత్రం ఇద్దరం ఒడ్డుకు పోయాం. వరద అంటే హోరు ఉంటుందనుకుంటాం, ఏ హోరూ లేదు. నీళ్లు ముందు నెర్రెల్లోకి చేరాయి. నెర్రెలు నిండాక నేల నల్లబడింది, నల్లబడ్డ నేల మెరిసింది. పల్లంలో మడుగు ఎప్పుడు కలిసిపోయిందో నేను గమనించలేకపోయాను. తర్వాత దూరంగా రెండే మిగిలాయి, అన్నదీ పక్కదీ, రెండూ తెల్లగా. ముందు పక్కది పోయింది. అన్నది కొంచెంసేపు ఉంది. వదిన కొంగు నోట్లో కుక్కుకుని, కన్నార్పకుండా చూసింది. అదీ పోయాక నీళ్లు అంతటా ఒకటే అయ్యాయి.

పోదాం పద వదినా అన్నాను. కదల్లేదు. ఆ పక్కనుండేది ఆడమనిషంటావా, మగమనిషంటావా అని అడిగింది. తెలియదన్నాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

“ఎవురైతేనేంలే. కాస్త మంచి మనిషయితే చాలు. ఆయనకి ఒక్కడే పడుకోటం చాతగాదమ్మాయ్.”